గడ్డం అయ్యేదాకా

మరి మెత్తగా ఉందో లేదో నేనెలా చెప్పాలి, నాకేమన్నా గడ్డం ఉందా మీసం ఉందా, నా చెంప మీద రాసుకుంటే ఏ గడ్డం బ్రష్షయినా మెత్తగానే ఉంటుంది, చీపురుకట్ట రాసినా నోరెత్తే రకం కాదు నేను, ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఈ దుకాణం పెద్దమ్మకి తెలియదు కాబట్టి పట్టు వదలడం లేదు, ఇది రాసుకుని చూడు, ఇప్పుడు ఇది చూడు, తేడా తెలిసిందా అంటూ గాజుబల్ల మీద ఒక్కో బ్రష్షునీ నిలబెడుతోంది, చుట్టూ దువ్వెనలు, కత్తెరలు, క్షవరం కత్తులు, వాటిని నూరే తోలుపట్టీలు, వాటన్నిటి మధ్య ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో ఈవిడ, వీధిలో అందరూ దువ్వెనల పెద్దమ్మ అంటారు, ఆడమనిషి గడ్డం సామాను అమ్మడమేమిటని మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు బ్లేడు మొద్దుబారితే ఈవిడ దగ్గరికే పరుగెత్తుకొస్తారట, ఆ గొప్పంతా నాకు వినిపిస్తోంది, నేను వినే స్థితిలో ఉన్నానా, చంకలో పాప నా జడ పట్టుకుని లాగుతోంది, మెడ నొప్పి పుడుతోంది, ఇవాళంటే ఆయనకి సెలవు, రేపు పొద్దున ఆయన లేచేసరికి కొత్త బ్రష్షు అద్దం ముందుండాలి, లేకపోతే, లేకపోతే ఏమవుతుందో నిన్ననే చూశాను, గోడకి తగిలి పగిలిన సబ్బుకప్పు పెంకు ఒకటి ఎగిరి పాప పక్క మీద పడింది, పాప మీద కాదు, పక్క మీద, ఒక జానెడు ఇవతల, ఆ జానెడు గురించే నేను నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను, ఈవిడేమో మెత్తదనం గురించి మాట్లాడుతోంది.

తప్పు నాదే, నాదేనని ఆయన అన్నాడు, ఫోన్లో వదిన అంది, నేనూ అనుకున్నాను, ఎంత అనుకున్నా లోపల కుతకుత ఉడుకుతూనే ఉంది, ఉడకబెట్టడమే కదా నేను చేసిన నేరం కూడా, పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో నర్సమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది, పిల్ల నోటికి తగిలేది ఏదైనా సరే మరిగే నీళ్లలో వెయ్యి అని, పాలసీసాలు వేశాను, చెంచాలు వేశాను, గిలక్కాయ వేస్తే అది వంకర తిరిగి మోగడం మానేసింది, అయినా బుద్ధి రాలేదు, ఆయన చెంపల మీద ఎర్రటి పొక్కులు లేచాయి, సాయంత్రం ఆయన ఎత్తుకుంటే పాప ఆ చెంపనే నాకుతుంది, అదీ నోటికి తగిలేదేగా, ఆ పొక్కుల్లో ఏ చీముందో, ఏ పురుగుందో, అది పాప కడుపులోకి పోతే ఏ జ్వరమొస్తుందో అని నాకు అన్నం సహించలేదు, మొగుణ్ణి ఉడకబెట్టలేను కనక బ్రష్షుని ఉడకబెట్టాను, పాలసీసాలతో పాటు గిన్నెలో పడేసి మూతపెట్టాను, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, పొద్దున ఆయన సబ్బు మీద తిప్పి చెంపకి రాసుకున్నాడో లేదో కుచ్చు కుచ్చంతా పిడిలోంచి ఊడి మొహానికి అంటుకుంది, తెల్లటి నురగలో నల్లటి వెంట్రుకలు, ముసలి మేకలా ఉన్నాడు, నాకు నవ్వొచ్చింది, పెదవి దాటకముందే ఆ నవ్వుని పట్టుకున్నాను, అప్పటికే అద్దంలో ఆయన కళ్లు నన్ను చూశాయి, అంతే, ముందు పిడి వెళ్లి గోడకి తగిలింది, తర్వాత కప్పు.

మా ఇంట్లో గడియారంలో లేని సమయం ఒకటుంది, దాని పేరు గడ్డం అయ్యేదాకా, గడ్డం అయ్యేదాకా కుక్కరు పెట్టకూడదు, అది కూస్తే ఆయన ఉలిక్కిపడతాడు, కుళాయి తిప్పకూడదు, గిన్నె మీద గిన్నె పెట్టకూడదు, ఆయన బ్రష్షు పిడిని సబ్బుకప్పు అంచుకేసి కొట్టే టక్ టక్ ఒక్కటే వినిపించాలి, పక్కింటావిడ తలుపు తడితే నేను తలుపు సందులోంచి వేలు పెదవుల మీద పెట్టి చూపించాలి, ఆవిడ నవ్వి వెళ్లిపోతుంది, మీ ఇంట్లో పొద్దున్నే పరీక్ష హాలులా ఉంటుందమ్మా అని ఒకసారి అంది, ఏడుపు సంగతి చెప్పనే అక్కర్లేదు, చెయ్యి వణికితే తెగుతుంది, తెగితే గాటు కనిపిస్తుంది, గాటు కనిపిస్తే పెద్దాయన చూస్తాడు, ఆ పెద్దాయన మా ఆయన పనిచేసే సామాను రవాణా కంపెనీలో పై అధికారి, ఈమధ్యే ఆయన్ని కింద గోదాములోంచి తీసుకెళ్లి తన గదిలోనే ఒక బల్ల వేసి కూర్చోబెట్టాడు, ఎదిగాడు మా ఆయన, నిజమే, సంతోషించాను, కానీ గోదాములో ఉన్నన్నాళ్లూ గడ్డం పెరిగినా అడిగినవాడు లేడు, ఇప్పుడు రోజూ గీక్కోవాలి, గీక్కుంటే పొక్కులు, పొక్కుల మీద మళ్లీ గీకుడు, పుండు మీద కారం రోజూ పొద్దున్నే, ఆ పెద్దాయన ముందు రోజంతా చేతులు కట్టుకుని నిలబడి, ఆయన వెటకారాలకి పళ్లికిలించి, మింగలేక కక్కలేక ఇంటికి మోసుకొచ్చిన కోపాన్ని తెల్లారి అద్దం ముందు విప్పుతాడు, అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ దుత్తని నేను, ఎన్నిసార్లు పగిలినా మళ్లీ అతుక్కునే దుత్తని, పైగా ఇప్పుడు బాడ్జర్ బ్రష్షు కావాలట, పెద్దాయనతో పనిమీద పొరుగూరు వెళ్లి ఒకే గదిలో దిగినప్పుడు చూశాడట, పెద్దాయన బ్రష్షు బాడ్జర్‌దట, చెంప మీద తిప్పుతుంటే మబ్బులా ఉందట, ఎలా తెలిసింది నీకు, ఆయన మొహానికి నువ్వు రాశావా అని అడగాలనిపించింది, బాడ్జరే కావాలి, కానీ ఖరీదు ఎక్కువ ఉండకూడదు, అవ్వా కావాలి బువ్వా కావాలి అంటే ఇదే, పోనీ ఆయనే వెళ్లి కొనుక్కుంటాడా అంటే, ఊడగొట్టింది నువ్వేగా, నువ్వే తీసుకురా అన్నాడు, చెప్పులేసుకుంటూ అన్నాడు, పెంకులు ఊడుస్తున్న నా వైపు చూడకుండా అన్నాడు.

ఇక వదిన, ఆయన అక్కయ్య, ఫోను చేసి మరీ ఓదార్చింది, ఓదార్పు అంటే నన్ను కాదు, తమ్ముడి చర్మాన్ని, మా తమ్ముడి చర్మం చిన్నప్పటి నుంచీ పువ్వమ్మా, ఉన్నిబట్ట తగిలితేనే కందిపోయేవాడు, మేమంతా వాణ్ణి దూదిలో పెట్టి పెంచాం, నువ్వు కాస్త చూసుకోవాలి కదమ్మాయ్, బ్రష్షుని ఉడకబెట్టేవాళ్లని నేనెక్కడా వినలేదు, కాస్త చదువుకున్నవాళ్లయితే, అని అక్కడ ఆపేసింది, అలా ఆపేసిన మాటే నాకు ముల్లులా దిగుతుంది, పూర్తిగా తిట్టినా బాగుండేది, పదో తరగతి సగంలో ఉండగా అమ్మ మంచమెక్కింది, తమ్ముళ్లకి వండేదెవరని నన్ను మాన్పించారు, వేడికి సూక్ష్మక్రిములు చస్తాయనే పాఠం దాకా చదివాను, వేడికి జిగురు కరుగుతుందనే పాఠం ఆ తర్వాతి పేజీలో ఉందేమో, నాకేం తెలుసు, దూదిలో పెట్టి పెంచినవాణ్ణి దూదితో సహా నాకు అప్పగించారు, పెళ్లయిన దగ్గర్నుంచి మెత్తనివే వెతుకుతున్నాను, కాలరు గుచ్చుతోందంటే చొక్కా మెడలో చీటీలన్నీ కుట్లు విప్పి తీసేశాను, తువ్వాలు గరుకుగా ఉందంటే ఉతికి ఉతికి పలచన చేశాను, మాట గరుకుగా ఉందంటే మాట తగ్గించాను, ఈ బ్రష్షు ఒక్కటి సరైనది దొరికితే, నిజంగా మబ్బులాంటిది దొరికితే, పొక్కులు తగ్గుతాయి, పొక్కులు తగ్గితే పొద్దుటి పూటలు నెమ్మదిస్తాయి, కప్పులు కప్పుల్లానే ఉంటాయి, పాప పక్క మీద పెంకులు పడవు, ఇందుకే వచ్చాను నేను, పెద్దాయన వైభోగానికి కాదు.

ఉడకబెట్టానని చెబితే పెద్దమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది, కాసేపు ఆపలేదు, పిల్లా, కుచ్చుని అడుగున జిగురుతో అతికిస్తారే, పందిదైనా నైలానుదైనా బాడ్జర్‌దైనా మరిగిస్తే ఊడుతుంది, గోరువెచ్చని నీళ్లు చాలు, విదిలించి తలకిందులుగా వేలాడదియ్, మీ ఆయనకి కోపమొచ్చిందా, వచ్చిందన్నాను, తిట్టాడా, లేదన్నాను, అది నిజమే, నోటితో తిట్టలేదు, బాడ్జర్ అంటే ఏమిటని అడిగాను, బొరియలు తవ్వుకుని బతికే జంతువట, మొహం మీద తెల్ల చారట, దాని వెంట్రుక నీళ్లు పట్టి ఉంచుతుందట, అందుకే నురగ బాగా లేస్తుందట, పాపం అది తన బొరియలో తను పడుకునేటప్పుడు నేను మెత్తగా ఉన్నానా అని ఎప్పుడూ అనుకుని ఉండదు, ఇది చూడు, ఇది బాడ్జర్‌లో అన్నిటికన్నా చవక, నల్లగా ఉంది చూశావా, పేరుకి బాడ్జరే కానీ గుచ్చుతుంది, నీ మొగుడు పేరు చదువుకుని మురిసిపోతాడు, చెంప ఏడుస్తుంది, ఇదిగో ఇది కాస్త పై రకం, కొసలు తెల్లగా ఉన్నాయి, మధ్యరకం సంసారాలకి ఇదే సరి, ఆ మూడోది వెండికొసలది, దాని జోలికి పోకు, అది పెద్దాయనలకి, ఈ నాలుగోది జంతువుదే కాదు, యంత్రంలో చేసిన నార, ధర తక్కువ, తొందరగా ఆరుతుంది, పొక్కులున్నవాళ్లకి ఇదే ఇస్తాను నేను, అంది, నాలుగోది చెంపకి రాసుకున్నాను, హాయిగా ఉంది, కానీ పిడి మీద బాడ్జర్ అని లేదు, ఆయన పిడి తిప్పి చూస్తాడు, అక్షరాలు లేకపోతే ఇది కూడా తెలియలేదా నీకు అంటాడు, ఆ మాట చెబితే పెద్దమ్మ మూతి తిప్పింది, ముందు అది తేల్చుకో, చెంపకి కొంటున్నావా చెప్పుకోడానికి కొంటున్నావా, అయినా నా కొట్టుకొచ్చేవాళ్లలో సగం మంది పెళ్లాలేనమ్మా, మొహం ఒకరిది, బేరం ఒకరిది, నా మొగుడు బతికున్నప్పుడూ అంతే, చొక్కా బొత్తాం కూడా నేనే పెట్టాలి, పోయాక చూస్తే నాకు పొద్దున పూట బోలెడంత తీరిక, ఆ తీరికలోనే కొట్టు పెట్టాను, అంది, నవ్వుతూనే అంది, నేను నవ్వలేదు, ఈలోగా పాప తెల్లకొసల బ్రష్షుని అందుకుని నోట్లో పెట్టేసుకుంది, లాగేశాను, కుచ్చు వాసన చూశాను, తడిసిన కుక్క వాసన, నాలుగుసార్లు కడిగితే పోతుందిలే, పిల్లకేం కాదు అంటుంది ఈవిడ, ఏం కాదట, పిల్ల ఈవిడదా, నోరు తుడిచాను, మళ్లీ తుడిచాను, నాలుక మీద వెంట్రుక ఉందేమోనని వేలు పెట్టి చూశాను, పాప నా వేలు చిగుళ్లతో కొరికి కిలకిల నవ్వింది, నా కోపం మాత్రం తగ్గలేదు, ఒక మనిషి చెంప కోసం ఎన్ని వాసనలు చూడాలి, ఎన్ని వెంట్రుకలు ఏరాలి.

సరే, రెండోదీ నాలుగోదీ నురగ పట్టి చూపిస్తాను, నీ చేతి మీదే చూసుకో అని పెద్దమ్మ చిన్న పింగాణీ గిన్నెలో నీళ్లు పోసింది, బ్రష్షు నానబెట్టింది, సబ్బుబిళ్ల మీద గుండ్రంగా తిప్పింది, నురగ చిక్కగా లేచింది, పాప బ్బబ్బబ్బ అంటూ బల్ల మీదికి వంగుతోంది, నేను నడుం దగ్గర పట్టుకుని వెనక్కి లాగుతున్నాను, పెద్దమ్మ ఎక్కువైన నీళ్లు దులపడానికి బ్రష్షు పిడిని గిన్నె అంచుకేసి కొట్టింది, టక్ టక్, పాప ఆగిపోయింది, మాట మధ్యలో ఆగిపోయింది, నోరు తెరిచినట్టే ఉంది, చప్పుడు లేదు, నా జడ వదిలేసింది, అబ్బ, ఎంత బుద్ధిమంతురాలో, అంది పెద్దమ్మ, నాకు కాస్త గర్వం కలిగింది, అందరూ అదే అంటారు, వదినకి నేనే చెప్పాను, మా పాప బంగారం వదినా, వాళ్ల నాన్న గడ్డం చేసుకుంటున్నంతసేపూ కిక్కురుమనదు అని, పుట్టిన కొత్తలో ఏడ్చేది, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టి, గట్టిగా కాదు, ఊరికే అలా పెట్టి, పెరటి గుమ్మం దాకా తీసుకెళ్లి ఊపేదాన్ని, ఈమధ్య ఆ అవసరమే లేదు, నిన్న కప్పు పగిలినప్పుడు కూడా ఏడవలేదు, కళ్లు తెరుచుకుని పైకప్పుని చూస్తూ పడుకుంది, అదృష్టం అనుకున్నాను, పెద్దమ్మ మాత్రం కళ్లద్దాల మీదుగా పాపనే చూస్తోంది, ఇదేమిటే, పిల్లలు ఈ చప్పుడు వింటే నురగ కోసం ఎగబడతారు, మా మనవరాలైతే గిన్నెలో చేతులు పెట్టేస్తుంది, ఇది ఇలా బిగుసుకుపోయిందేం, అంది, నాకు ఒళ్లు మండిపోయింది, నా పిల్లకి వంక పెట్టడానికి ఈవిడెవరు, ఏడిస్తే ఏడ్చిందంటారు, ఏడవకపోతే ఏడవలేదంటారు, నిద్రొస్తోంది దానికి అన్నాను, అంత కరుకుగా అంటానని నేనే అనుకోలేదు, పెద్దమ్మ బ్రష్షు కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది, ఇంట్లో ఎవరైనా అరుస్తారా అమ్మా. లేదన్నాను, వెంటనే అన్నాను, ప్రశ్న పూర్తయ్యేలోపే అన్నాను, ఆయన అరవడు, నిజంగా అరవడు, అరిచే మనిషైతే పక్కింటావిడకి తెలిసేది కదా, అని లోపల ఇంకా వాదిస్తూనే కిందికి చూశాను, నా చెయ్యి కనిపించింది.

నా చెయ్యే, పాప తొడ చుట్టూ, వేళ్లు బిగుసుకుని కణుపుల దగ్గర తెల్లబడ్డాయి, వాటి కింద పాప ఒళ్లు గుంటలు పడి ఎర్రగా అయింది, ఎప్పుడు బిగించానో నాకు తెలియదు, నేను బిగించలేదు, నన్నడక్కుండానే బిగుసుకుంది, వదులు చేశాను, పాప నా మొహంలోకి చూసింది, పెద్దమ్మా ఇంకోసారి కొట్టండి అన్నాను, ఏమిటీ అంది, ఆ గిన్నె మీద, ఇందాకటిలాగే, అన్నాను, ఆవిడకి అర్థమైందో లేదో, కొట్టింది, టక్ టక్, ఈసారి నేను పాపని చూడలేదు, నన్ను చూసుకున్నాను, ముందు నా భుజం లేచింది, తర్వాత నా ఊపిరి ఆగింది, తర్వాత చెయ్యి బిగిసింది, ఇదంతా అయ్యాకే, ఆ తర్వాతే, పాప నోరు మూసుకుంది, నా తర్వాతే, ఇన్నాళ్లూ ఈ పిల్ల ఆ చప్పుడుని చెవులతో వింటోందనుకున్నాను, ఇది నా చేతుల్లోంచి వింటోంది, పళ్లయినా రాని పిల్లకి పెద్దాయన ఎవరో తెలుసా, పొక్కులంటే తెలుసా, బాడ్జర్ అంటే తెలుసా, దీనికి తెలిసింది ఒక్కటే, అమ్మ ఒళ్లు గట్టిపడితే ఊపిరి కూడా తియ్యకూడదని, ఆయన దీన్ని ఒక్క మాట అనకుండా ఇంత పాఠం నేర్పాను నేను, రోజూ పొద్దున్నే, సగంలో ఎవరూ మాన్పించకుండా, నాకు ఆయన మీద కోపం, వదిన మీద కోపం, ఈ నాలుగు బ్రష్షుల మీద కోపం, ఇన్ని కోపాలూ ఒంట్లోనే దాచుకున్నానని మురిసిపోయాను, ఎవరికీ కనపడలేదనుకున్నాను, దాచిన చోటే దీన్ని ఎత్తుకుని తిరిగాను.

ఏది కట్టమంటావు మరి, మధ్యరకమా, నార బ్రష్షా, అని పెద్దమ్మ మెల్లగా అడిగింది, ఏదీ వద్దు, ఆయన్నే పంపిస్తాను, చెంప ఆయన దగ్గరే ఉంది, రాసి చూసుకుని తీసుకోమనండి అన్నాను, రేపు పొద్దుటికే కావాలన్నావుగా, అంది ఆవిడ, గడ్డం అవ్వకపోతే అవ్వదు, రేపు కుక్కరు మాత్రం పెడతాను, అది కూసినప్పుడు కూస్తుంది, పాపా నేనూ పక్కింటావిడ గుమ్మంలో కూర్చుని వింటాం, ఆ మాట పైకి అన్నానో లోపల అనుకున్నానో తెలియదు, పెద్దమ్మ తలూపింది కాబట్టి పైకే అని ఉంటాను, ఇంకొక్కసారి కొట్టండి పెద్దమ్మా, అన్నాను, భుజాలు దించాను, పాపని ఒడిసి పట్టుకోకుండా చంకన ఊరికే కూర్చోబెట్టుకున్నాను, పడిపోతుందేమోనని భయం వేసింది, అయినా అలాగే ఉంచాను, గట్టిగా ఊపిరి వదిలాను, టక్ టక్, చెయ్యి బిగుసుకోబోయింది, పోనివ్వలేదు, వేళ్లు చాపి ఉంచాను, పాప ఉలిక్కిపడింది, నా మొహం చూసింది, పెదవి విరిచింది, గడ్డం వణికింది, ఒక్క క్షణం ఎటూ తేల్చుకోలేక ఆగి, తర్వాత ఏడ్చింది, మామూలు ఏడుపు కాదు, ఇన్ని పొద్దుటి పూటలవీ కలిపి ఒకేసారి, దువ్వెనల అట్టలు అదిరేలా, వీధిలో పోయేవాళ్లు ఆగి లోపలికి చూసేలా, నా అరచెయ్యి అలవాటుగా పైకి లేచింది, దాన్ని పాప వీపు మీద వేశాను, ఊరుకో అనలేదు, ఏడు తల్లీ ఏడు, నీ గొంతు ఇంత పెద్దదని నాకిప్పటిదాకా తెలియదు.